స్వతంత్రం: హక్కు అర్థంలో ఒక మాట ప్రయాణం

స్వేచ్ఛ, స్వాతంత్ర్యం అనే మాటల్ని నేటి తెలుగులో ఒకదానికి బదులు మరొకటి వాడేస్తున్నాం. వీటి పుట్టుక వేరు. స్వేచ్ఛలో ఉన్నది ఇచ్ఛ. అది మనసుకు సంబంధించింది. స్వతంత్ర శబ్దంలో ఉన్నది తంత్రం. చాచు, విస్తరించు అనే అర్థమున్న ‘తన్’ ధాతువు నుంచి వచ్చిన తంత్రానికి మగ్గం, పడుగు తొలి అర్థాలు. విధానం, శాస్త్రం, పాలన తర్వాత చేరాయి. ఈ పదచరిత్రలో మొదటినుంచీ అధికార భావమే ప్రధానమని నా ప్రతిపాదన.

అష్టాధ్యాయిలో పాణిని కర్తను నిర్వచించడానికి ఈ మాటనే ఎంచుకున్నాడు. క్రియ జరపడంలో స్వతంత్రమైనది కర్త. యజమాని వంటవాడిచేత అన్నం వండించినా, వండే పనికి వంటవాడు కర్తే, వండించినవాడు ప్రేరకుడు. వ్యాకరణం పనివాడికిచ్చిన ఈ స్థానాన్ని ధర్మశాస్త్రం ఇవ్వలేదు. స్త్రీకి ఏ వయసులోనూ స్వాతంత్ర్యం తగదంది మనుస్మృతి. నారదస్మృతి రాజునూ ఆచార్యుణ్ణీ ఇంటి యజమానినీ మాత్రమే స్వతంత్రులుగా లెక్కించింది. అస్వతంత్రులు చేసిన వ్యవహారాలు చెల్లవంది. అంటే ఎవరి మాట చెల్లుతుందో వారే స్వతంత్రులు. మాట ఒకటే అయినా ఒక శాస్త్రం అందరికీ పంచింది, మరొకటి కొందరికే కట్టబెట్టింది. ఈ అన్యాయాన్ని పదచరిత్ర దాచకూడదు.

తెలుగు వాడుకలో నిలిచింది ఈ చెల్లుబాటు అర్థమే. మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ వ్యవహారంలో మిరాసీదార్లకూ గ్రామ సేవకులకూ పంటలో దక్కే వంతుల్ని స్వతంత్రాలనేవారు. తెలుగు బైబిల్లో వారసత్వంగా పొందడం ‘స్వతంత్రించుకొనడం’ అయింది. క్రైస్తవుల ప్రార్థనల్లో ఆ క్రియ నేటికీ వినిపిస్తుంది. “మొహమాటపడకుండా స్వతంత్రంగా వడ్డించుకోండి” అంటే చనువు ఇచ్చిన హక్కు. “నన్నడక్కుండా స్వతంత్రించి మాటిచ్చాడు” అంటే లేని హక్కు తీసుకున్నాడని నింద. ఈ ప్రయోగాల్లో దేనిలోనూ స్వేచ్ఛ అనే మాట ఇమడదు.

జాతీయోద్యమంలో ముందు వరుసలో నిలిచిన నినాదం స్వరాజ్యం. ప్రకాశం పంతులు 1921లో మద్రాసులో పెట్టిన పత్రిక పేరూ, 1929 లాహోర్ కాంగ్రెస్ తీర్మానం కోరిందీ అదే. 1947 ఆగస్టు 15 స్వాతంత్ర్య దినం కావడంతో ఈ మాట ఇంటింటికీ చేరింది. రాజకీయార్థం పాత అర్థాల్ని కప్పేసింది. అయినా 1959లో రాజాజీ, ఎన్.జి. రంగా ప్రభృతులు పెట్టిన స్వతంత్ర పార్టీ, సహకార వ్యవసాయాన్ని ఎదిరిస్తూ రైతుకు తన భూమి మీద హక్కు ఉండాలని వాదించింది. రంగా దానికి తొలి అధ్యక్షుడు. ఆ పేరులో పాత హక్కు అర్థం మళ్లీ పలికిందని నా అభిప్రాయం.

కొత్త నిఘంటువులు కూర్చేవారు రెవెన్యూ పత్రాల నుంచి, బైబిల్ అనువాదాల నుంచి, ఇళ్లలో వినిపించే మాటల నుంచి ఈ ప్రయోగాలను సేకరించాలి. ‘స్వతంత్రం’ పదానికి హక్కు అనే అర్థాన్ని ముందు చేర్చాలి.