టెంకలో జీడి

మా నూజివీడు వైపు వేసవిలో చిన్నరసాలు జుర్రుకుని టెంక పెంట మీదకి విసిరేస్తాం. దాని లోపలి జీడిలో, మొలకెత్తే మొక్క తొలి తిండికని చెట్టు పిండితో పాటు కాస్త కొవ్వూ దాస్తుంది.

కొవ్వు అంటే గ్లిసరాల్‌కి తగిలించిన మూడు కొవ్వు ఆమ్లాలు. జీడి కొవ్వులో చాలా అణువులకి రెండు కొసల్లో తిన్నటి స్టియరిక్, మధ్యలో వంకర ఒలీక్ ఉంటాయి. కోకో బటర్‌దీ ఇంచుమించు ఇదే అమరిక. బయట గట్టిగా ఉండి నోట్లో కరిగేది అందుకేనన్నమాట.

చాక్లెట్లో వేరే కొవ్వు కలపొచ్చా అని యూరప్‌లో ఏళ్ళ తరబడి తగువు నడిచింది. చివరికి 2000లో యూరోపియన్ యూనియన్ ఆరు రకాల కొవ్వుల్ని 5 శాతం దాకా ఒప్పుకుంది. అందులో మామిడి జీడిది ఒకటి.

మరుసటేడు, 2001లో, మన పొరుగున ఒడిశాలోని కాశీపూర్‌లో ఆదివాసులు చనిపోయారు. బూజు పట్టిన మామిడి జీడి తిని పోయారంది ప్రభుత్వం. కాదు, ఆకలి చావులేనన్నాయి ప్రతిపక్షాలు.

జీడికి పట్టిన బూజేమిటో ల్యాబు చెబుతుంది. ఆ జీడే తినాల్సిన గతి ఎందుకు పట్టిందో ఏ ల్యాబూ చెప్పదు.