రక్తపు చుక్క నుండి ఫలితం దాకా: భద్రాచలం మన్యంలో మలేరియా నిర్ధారణ చరిత్ర

ఉపోద్ఘాతం

గోదావరికి ఉత్తరాన భద్రాచలం నుండి దుమ్ముగూడెం, చర్ల మీదుగా ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా వ్యాపించిన అటవీ ప్రాంతపు మలేరియా చరిత్రను సాధారణంగా దోమల నివారణ, మందుల పంపిణీ అనే కోణాల నుండి చూస్తారు. రోగి వేలి నుండి రక్తం తీయడానికి, ఆ రక్తంలో ఏముందో తేలడానికి మధ్య గల వ్యవధి కూడా ఈ చరిత్రలో కీలకాంశమే. ఆ వ్యవధి ఎలా తగ్గిందో, తగ్గిన తరువాత సమస్య ఎక్కడికి చేరిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సూక్ష్మదర్శిని కాలం

1880లో లావెరాన్ మనిషి రక్తంలోను, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో అనాఫిలిస్ దోమ కడుపులోను మలేరియా పరాన్నజీవిని గుర్తించారు. నాటి నుండి సూక్ష్మదర్శినే నిర్ధారణకు ప్రమాణమైంది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. కార్యకర్త ఇంటింటికీ తిరిగి, జ్వరపీడితుల రక్తాన్ని గాజు పలకపై పూసి, అనుమానంపైనే క్లోరోక్విన్ మాత్రలు ఇచ్చేవాడు. పలక ప్రయోగశాలకు చేరి, రంగు వేసి పరీక్షించి, పరాన్నజీవి ఉన్నట్లు తేలాకే పూర్తి చికిత్స మొదలయ్యేది.

ఈ పద్ధతికి దారులు, రవాణా ఆధారం. భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాలో చేరింది. గోదావరిపై వంతెన 1965లో ప్రారంభమైంది. వంతెన వచ్చినా వానాకాలంలో వాగులు పొంగితే లోతట్టు కోయ గూడేలకు దారి ఉండదు. ఫాల్సిపారం జ్వరమేమో కొద్ది రోజుల్లోనే మెదడును దెబ్బతీయగలదు. 1976లో దేశంలో 64 లక్షలకు పైగా మలేరియా కేసులు నమోదయ్యాయి. 1977 నాటి సవరించిన ప్రణాళికలో గ్రామస్థాయి జ్వర చికిత్సా కేంద్రాలు, మందుల పంపిణీ కేంద్రాలకు చోటు దక్కింది. మందు గూడేనికి చేరువైంది కాని, నిర్ధారణ ప్రయోగశాలలోనే మిగిలింది.

పట్టీ పరీక్ష

1990లలో వచ్చిన సత్వర పరీక్ష పట్టీ ఈ అమరికను మార్చింది. ఫాల్సిపారం విడుదల చేసే హెచ్.ఆర్.పి.2 అనే మాంసకృత్తును పట్టీపై ఉన్న ప్రతిరక్షకాలు పట్టుకొని గీతగా చూపిస్తాయి. విద్యుత్తు, సూక్ష్మదర్శిని అవసరం లేకుండా పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తల వ్యవస్థ ఏర్పడింది. అంతవరకు ప్రయోగశాల సాంకేతికుని చేతిలో ఉన్న నిర్ధారణ క్రమంగా గ్రామ మహిళ చేతికి వచ్చింది. ఇది సాంకేతిక మార్పుతో పాటు అధికార వికేంద్రీకరణ కూడా.

పట్టీకి పరిమితులున్నాయి. రోగం నయమయ్యాక కూడా ఆ మాంసకృత్తు కొన్ని వారాలు రక్తంలో నిలవవచ్చు. ఆ జన్యువు లోపించిన పరాన్నజీవులను పట్టీ గుర్తించలేదు. అటువంటివి ఛత్తీస్‌గఢ్‌లోనూ నమోదయ్యాయి. 2005 తరువాత అక్కడి హింస వలన తరలివచ్చిన గుత్తికోయల ఆవాసాలు ఈ సరిహద్దు అడవుల్లో ఉన్నందున, ఆ పరిశీలన ఇక్కడి వైద్యానికీ సంబంధించినదే.

బయోసెన్సర్ అవసరం

పట్టీ రోగాన్ని చూపుతుంది. రోగి మందును తట్టుకోగలడో లేదో చెప్పదు. కాలేయంలో దాగిన వైవాక్స్‌ను తొలగించడానికి 14 రోజుల ప్రైమాక్విన్ వాడుతారు. జి6పీడీ ఎంజైము లోపించిన వారికి ఈ మందు ఎర్రకణాలను విచ్ఛిన్నం చేస్తుంది. ఈ లోపం 1956లో ప్రైమాక్విన్‌పై జరిగిన పరిశోధనల్లోనే బయటపడింది. భారతదేశంలో కొన్ని గిరిజన సమూహాల్లో ఇది గణనీయంగా కనిపిస్తుంది.

1962లో లేలాండ్ క్లార్క్, లయన్స్ ప్రతిపాదించిన ఎంజైము ఎలక్ట్రోడ్ నుండి నేటి గ్లూకోమీటర్ రూపొందింది. చేతిలో ఇమిడే జి6పీడీ బయోసెన్సర్లు కూడా ఎంజైము చర్యనే ఆధారం చేసుకొని, దాని స్థాయిని కొద్ది నిమిషాల్లో అంకెగా చూపుతాయి. పట్టీ పక్కన ఈ ఉపకరణం ఉంటే మందు ఇవ్వాలా, వద్దా అన్న నిర్ణయమూ గూడెంలోనే సాధ్యమవుతుంది.

ముగింపు

ఒకనాడు ఆలస్యం ఫలితంలో ఉండేది. ఇప్పుడది ఫలితానికి, సురక్షితమైన పూర్తి చికిత్సకు మధ్యకు చేరింది. కాబట్టి సత్వర పరీక్షా ఉపకరణాన్ని ఎన్ని నిమిషాల్లో ఫలితం ఇస్తుందన్న దానితోనే అంచనా వేయడం చాలదు. వాగుకు ఆవలి రోగి పద్నాలుగో రోజు మాత్రను క్షేమంగా వేసుకోగలిగాడా అన్నదే దాని చారిత్రక విలువను నిర్ణయించే ప్రశ్న.