నీళ్ళు ఎత్తి పోసిన చేతులు

మేము అరవ బడిలో చదివినవాళ్ళం. తెలుగు అక్షరాలు రైల్వే ఉద్యోగం విడిచాకే నేర్చుకున్నాం, తప్పులుంటే దిద్దండి. ఈసారి కథ ఇంట్లో పెట్టుకునే సముద్రపు తొట్టి గురించి. రైలు గుమాస్తాకు ఇదేం పని అనుకోకుండా చివరిదాకా చదవండి.

పోయిన ఏడు మేమిద్దరం సింగపూరులో మా అబ్బాయి ఇంట్లో రెండు నెలలున్నాం. వాళ్ళ హాల్లో 200 లీటర్ల గాజు తొట్టి ఉంది. అందులో ఉప్పునీళ్ళు, చిన్న చేపలు, రాళ్ళకు అంటుకుని బతికే పగడాలు. అన్నీ తొట్లలోనే పెంచి అమ్మే ముక్కలట. ఒక రాత్రి పంపు చప్పుడుకు మా ఇంటావిడకు నిద్ర పట్టలేదు. మేమే లేచి స్విచ్ ఆపేశాం. నీళ్ళు ఎక్కడికి పోతాయి, తొట్టిలోనే ఉంటాయి గదా అనుకున్నాం.

తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. పగడాలన్నీ ముడుచుకుపోయాయి. వాటిలో రెండు మళ్ళీ విచ్చుకోలేదు. ఆ రెండూ మా మనవడు వేలెడు ముక్కలుగా తెచ్చి మూడేళ్ళు పెంచినవి. వాడు మమ్మల్ని కోప్పడలేదు. "తాతా, వాటికి కాళ్ళు లేవు. నీళ్ళే వాటి దగ్గరికి రావాలి" అన్నాడు, అంతే. ఆ మాట మమ్మల్ని తొలిచేసింది. మిగిలిన రోజులు అక్కడి లైబ్రరీలో కూర్చుని ఈ సంగతి చదివాం.

ఇంట్లో పగడాలను ఏళ్ళ తరబడి బతికించిన తొలి మనుషుల్లో అన్నా థిన్ అనే ఇంగ్లీషు ఆమె ఒకరు. ఆమె భర్త లండన్ వెస్ట్‌మినిస్టర్ చర్చిలో పెద్ద పదవిలో ఉండేవారు. 1846లో ఆమె టార్కీ అనే సముద్రపు ఊరి నుంచి చిన్న పగడాలను జాడీలో లండన్ తెచ్చారు. నీళ్ళు అన్ని వైపుల నుంచీ తగలాలని వాటిని సూదీ దారంతో ఒక స్పాంజికి కుట్టారు. పంపు లేదు, కరెంటు లేదు. అయినా నీళ్ళకు గాలి తగలాలి. అందుకని తెరిచిన కిటికీ ముందు ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి నీళ్ళు ఎత్తి పోయించేవారు. ఒక్కోసారి అరగంట, ముప్పావు గంట పట్టేదట. మన ఇళ్ళల్లో డవరా గ్లాసుతో కాఫీ ఎత్తి పోసి ఆర్చినట్టే అనుకోండి. ఆ పని చేసింది యజమానురాలు కాదు, ఇంటి పనిపిల్ల. పగడాలు దాదాపు మూడేళ్ళు బతికాయి. యజమానురాలి పేరు పుస్తకాల్లోకెక్కింది. మేము చదివిన వాటిలో పనిపిల్ల పేరు మాత్రం ఎక్కడా లేదు.

తర్వాత 1854లో ఫిలిప్ గాస్ 'ది అక్వేరియం' అనే పుస్తకం అచ్చువేశారు. ఇంగ్లండులో ఇంటింటా గాజు తొట్లు వెలిశాయి. నీటిమొక్క వేస్తే చాలు, అదే గాలి ఇస్తుందని అప్పటివాళ్ళ నమ్మకం. మేము చేసిన పొరపాటూ అదే మాదిరిది, కదలని నీళ్ళను నమ్మడం. చాలామంది ఇళ్ళల్లో నీళ్ళు కుళ్ళి, పదేళ్ళు దాటేసరికి ఆ మోజు చల్లారింది.

అప్పుడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ అనే ఆయన దారి మార్చారు. 1864లో హాంబర్గులో, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పెద్ద అక్వేరియంలు నడిపారు. జనం చూసే తొట్ల కంటే ఎంతో పెద్ద నీటి గది కింద చీకట్లో ఉండేది. ఆవిరి యంత్రం ఆ నీళ్ళను రాత్రింబవళ్ళు పైకి తోసేది, అవి తొట్ల గుండా పారి మళ్ళీ కిందికి చేరేవి. ఈనాటి ఇంటి తొట్టి కింద అరలో ఉండే చిన్న నీటి పెట్టెకు తాత అదే.

మన మదరాసుకూ ఇందులో చోటుంది. 1909లో మెరీనా ఒడ్డున అక్వేరియం తెరిచారు. దానికి పూనుకున్నది మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్. దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేసిన ఆ థర్‌స్టనే. మన సంఘంలో కుల చరిత్ర వెతికినవాళ్ళందరూ ఆ పేరు విన్నవాళ్ళే. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ అక్వేరియం మూతపడింది.

పగడాలు మళ్ళీ మామూలు ఇళ్ళల్లోకి వచ్చింది జకార్తా నుంచి. అక్కడి లీ చిన్ ఎంగ్ సముద్రపు రాళ్ళను, వాటి మీది జీవాలతో సహా తొట్టిలో పెట్టి, సన్నని గాలిబుడగలతో నీళ్ళను కదిలించారు. బుడగ పైకి లేస్తే కింది నీళ్ళు దాని వెంట లేస్తాయి. 1961లో ఆయన రాసింది అమెరికా పత్రికలో వచ్చింది. తర్వాత వాషింగ్టన్ స్మిత్‌సోనియన్‌లో వాల్టర్ ఏడీ, నీళ్ళు నిండగానే బోర్లాపడే తొట్టెలతో అలలు పుట్టించారు. హొనొలులులో బ్రూస్ కార్ల్సన్ పై తొట్టి నిండగానే నీళ్ళన్నీ ఒక్క ఊపున కిందికి దిగే ఏర్పాటు చేశారు. మన ఇళ్ళ ఫ్లష్ తొట్టి తీరే.

ఇన్ని తంటాలు ఎందుకంటే, పగడం ఒంటి చుట్టూ కదలని సన్నని నీటి పొర ఒకటి ఉంటుంది. నీళ్ళు పారితే ఆ పొర పలచబడి, గాలి, మేత లోపలికి అందుతాయి, మలినం బయటికి పోతుంది. పగలు పగడం ఒంట్లోని నాచు గాలి ఇస్తుంది. రాత్రి అదీ ఆగుతుంది. మేము పంపు ఆపింది సరిగ్గా ఆ వేళకే.

అలాగని గట్టిగా కొట్టినా తప్పే. ఒకే వైపు నుంచి పైపు నీళ్ళు సూటిగా తగిలితే పగడం మాంసం ఊడిపోతుంది. అందుకే ఇప్పుడు వెడల్పుగా, మెత్తగా నెట్టే ఫ్యాను పంపులు వచ్చాయి. మా మనవడు రెండు మూలల్లో రెండు పెట్టి, ఒకటి ఆగితే ఇంకొకటి తిరిగేలా అమర్చాడు. గంటకు తొట్టి నీళ్ళకు 20 రెట్లు, అంటే 4,000 లీటర్లు కదలాలని వాడి లెక్క. మెత్తని పగడాలకు అంతకంటే తక్కువ, కొమ్మల పగడాలకు ఎక్కువ. రాళ్ళను గోడకు ఆనించకుండా వెనక సందు వదిలాడు. చిటికెడు మేత వేసి చూస్తాడు. అది ఏ మూల పేరుకుంటే అక్కడ నీళ్ళు నిలిచినట్టే.

ఒక్క మాట. ఇది చదివి మన్నార్ సింధుశాఖ పగడాలను ఎవరూ ఇంటికి తేవద్దు. బడిలో 'పవళప్పారై' అని మనం చదువుకున్నది వాటి గురించే. గట్టి పగడాలు 2001 నుంచి చట్టం రక్షణలో ఉన్నాయి, పట్టినా అమ్మినా నేరం. ఒకప్పుడు సున్నానికీ, గోడలకూ ఆ రాళ్ళను తవ్వి తవ్వి అక్కడి 21 దీవుల్లో రెండు నీట మునిగాయి. అక్కడ నీళ్ళను కదిలించడానికి ఏ పంపూ అక్కర్లేదు. మనం చెయ్యి పెట్టకుంటే చాలు.

మేము బయల్దేరే ముందు రాత్రి పంపు చప్పుడు అలాగే ఉంది. మా ఇంటావిడ దుప్పటి కప్పుకుంటూ "పాపం, ఆ పిల్లకు చేతులు ఎంత నొప్పెట్టేవో" అంది. ఏ పిల్లో మేము అడగలేదు. లండన్‌లో కిటికీ ముందు నిలబడి నీళ్ళు ఎత్తి పోసిన ఆ పిల్లే.