కొయ్య వయసు, ఉలి వయసు

విద్యార్థులారా! దక్షిణాది ఆలయాల రథాలకు చుట్టూ బిగించిన దేవతామూర్తుల కొయ్య పలకలు మీరు చూసే ఉంటారు. అటువంటి పలక ఒకటి ఏ దుకాణంలోనో కనిపించి, అమ్మేవాడు “ఇది మూడు వందల ఏళ్లనాటిది” అంటే ఆ మాట నిజమో కాదో తేల్చడం ఎలా?

ముందుగా గుర్తొచ్చేది కార్బన్-14 పరీక్ష. చెట్టు కాండంలోని ప్రతి వలయం తాను ఏర్పడిన ఏటి కార్బన్‌ను దాచుకుంటుంది. అందులోని కార్బన్-14 సుమారు 5,730 ఏళ్లకు సగమవుతుంది. మిగిలినదాన్ని కొలిచి కాలాన్ని లెక్కగడతారు. నేపాల్‌లో ఈ పరీక్ష కళాచరిత్రనే సవరించింది. కాఠ్మండు లోయలోని విహారాల చూరును మోసే, దేవతామూర్తులు చెక్కిన ఏటవాలు కొయ్యలలో కొన్ని పండితులు అనుకున్నదానికంటే శతాబ్దాల పాతవని తేలింది. ఈ సంగతులను వివరిస్తూ మేరీ స్లసర్ రాసిన గ్రంథం 2010లో వెలువడింది. అంతవరకు శిల్పశైలిని చూసి వేసిన అంచనాలే ఆధారం మరి!

అయితే మన రథపు పలక దగ్గర ఈ పరీక్ష తడబడుతుంది. సుమారు 1650 నుంచి 1950 వరకు గాలిలోని కార్బన్-14 హెచ్చుతగ్గుల వల్ల ఒకే కొలతకు రెండు మూడు కాలాలు సరిపోతాయి. 1950ల తర్వాత పెరిగిన కొయ్యనైతే, అణ్వస్త్ర పరీక్షల వల్ల గాలిలో చేరిన అదనపు కార్బన్-14 ఇట్టే పట్టిస్తుంది. నకిలీలు చేసేవారు అంత అమాయకులు కారు. కూలిన పాత ఇంటి దూలం తెచ్చి, దానిమీద కొత్తగా చెక్కుతారు. ప్రయోగశాల చెప్పేది కొయ్య వయసే కాని ఉలి వయసు కాదు.

ఇక్కడ పురుగు సాక్ష్యం చెబుతుంది. కొయ్యను తొలిచే పురుగు లోపల సొరంగాలు చేసి, చివరికి చిన్న గుండ్రటి రంధ్రం గుండా బయటపడుతుంది. చెక్కిన ముఖం మీద రంధ్రాలకు బదులు పొడవునా తెరుచుకున్న కాలువలు కనిపిస్తే, పురుగు తిన్న తర్వాతే ఉలి ఆ సొరంగాన్ని కోసిందని అనుమానించాలి. పెచ్చులూడిన చోటును మాత్రం లెక్కలోకి తీసుకోకండి. రంధ్రాలనూ డ్రిల్లుతో వేయవచ్చు. కాని ఆ రంధ్రం సూటిగా పోతుంది, పురుగు దారి వంకరలు తిరుగుతుంది. పసుపు, నూనె జిడ్డు చూసి నమ్మకూడదు. అవి ఒక్క పూట పని.

అబద్ధం రెండు వైపులా నడుస్తుందని కూడా గమనించండి. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన శిల్పం పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దాన్ని విదేశాలకు పంపకూడదు. అందుకే కొనేవాడికి కొత్త పలకను పాతదని చెప్పే వ్యాపారం ఒకవైపు ఉండగా, గుడి నుంచి దొంగిలించిన అసలు పలకను నిన్న మొన్న చేసిన హస్తకళావస్తువని రాసి ఓడ ఎక్కించే ప్రయత్నాలు మరోవైపు సాగుతుంటాయి.