పులి–మేక ఆట: మేకలకు కలిసిరాని ఎత్తుగడలు

పులి–మేక లేదా పులిజూదం తెలుగునాట తరతరాలుగా ఆడుతూ వస్తున్న ఇద్దరి ఆట. గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్ళ అరుగుల మీద, గుడి మంటపాల్లో సుద్దతోనో బొగ్గుతోనో గీత గీసుకుని, చింతపిక్కలను మేకలుగా, గులకరాళ్ళను పులులుగా పెట్టుకుని ఆడతారు. తమిళనాట ఇదే ఆడుపులి ఆట్టం. పాచికలు లేవు కనుక ఓడినవాడు అదృష్టాన్ని తిట్టుకోవడానికి వీల్లేదు. ఇరుపక్షాలూ సమానం కావు: ఒకరికి 3 పులులు, ఎదుటివారికి 15 మేకలు.

ఆట గీత ఇలా ఉంటుంది: పైన ఒక కొన, అక్కడి నుంచి కిందికి విచ్చుకునే 4 గీతలు, అడుగున వాటిని కలిపే ఒక అడ్డగీత. నడుమ మరో 3 అడ్డగీతలు వాటిని కోసుకుంటూ రెండు పక్కలకూ సాగుతాయి. ఆ చివరలను ఒక్కో పక్కన ఒక నిలువుగీత కలుపుతుంది. కొన 1, నడిమి అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4, మొత్తం 23 స్థానాలు.

ఎక్కువగా కనిపించే పద్ధతిలో ఒక పులి కొన మీద, రెండు పులులు దాని కిందే, మొదటి అడ్డగీత నడిమి స్థానాల్లో ఉంటాయి. మేకలు వంతుకొకటి చొప్పున దిగుతాయి. పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మాత్రం మొదటి వంతు నుంచే తిరుగుతుంది, మేక మీదుగా అదే గీతలో అవతలి ఖాళీలోకి దూకి దాన్ని తినేస్తుంది. పులులన్నిటినీ కదలకుండా కట్టేస్తే మేకలవారు గెలిచినట్టు.

చిక్కంతా మేకలను దించేటప్పుడే. మొదటి మేకను వెంటనే పోగొట్టే స్థానాలు 4: నడిమి పులుల కింద రెండు, వాటి పక్కన రెండు. కొత్తవాళ్ళు పులికి ఎదురుగా పెడితే దారి మూసినట్టే అనుకుని సరిగ్గా అక్కడే పెడతారు. పులి ఎన్నటికీ తినలేని స్థానాలు 7 ఉన్నాయి: కొన, పక్క నిలువుగీతల చివరలు 4, అడుగుగీత చివరలు 2. అక్కడ గీతలు ఆగిపోతాయి కనుక మేక మీదుగా దూకి దిగడానికి అవతల చోటుండదు. ఈ చివరలు ముందు పట్టుకుంటే వాటి నడుమ పెట్టిన మేకలకూ భయం లేదు. పక్కలు, అడుగు కలిపి 10 మేకలు క్షేమం. తెలిసిన ఆటగాడు అంచు నుంచి లోపలికి వస్తాడు. పులి ఊరుకోదు, ఏదో ఒక మూలన వచ్చి కూర్చుని ఆ గోడకు గండి పెడుతుంది.

మేకలు ఎన్ని పోతే ఆట పోయినట్టో లెక్క కట్టవచ్చు. పులులను మొదట ఉన్న చోటే కట్టేయాలంటే 10 మేకలు కావాలి: పక్కన రెండేసి, కింద మూడో అడ్డగీత దాకా. అంటే దించేటప్పుడే 6 మేకలు పోతే ఆ దారి మూసుకుపోయినట్టే. అదే మూడు పులులూ ఒక పక్క నిలువుగీత మీదికి చేరితే 6 మేకలు చాలు. కానీ మూడింటినీ ఒకే పక్కకు తీసుకుపోయే పులి ఆటగాడు దొరకడం మేకలవారి పుణ్యం. కాబట్టి తొలి వంతుల్లోనే మంద సగానికి పడిపోయిన ఆట పేరుకు సాగుతుందే గానీ, గెలుపు ఎదుటివాడి పొరపాటు మీదే ఆధారపడి ఉంటుంది.

చెడ్డ ఆరంభం వేరే ఆటల్లోనూ ఉంటుంది. 1991లో వచ్చిన సివిలైజేషన్ వంటి కంప్యూటర్ ఆటల్లో పనికిరాని నేల మీద మొదలుపెట్టాల్సి వస్తే ఆటగాళ్ళు దాన్ని వదిలేసి కొత్త పటం తెరుస్తారు. అక్కడ ఆ పటం యంత్రం ఇచ్చింది; పులి–మేకలో చెడ్డ అమరిక చాలావరకు మేకలవాడు తన చేత్తో పేర్చుకున్నదే. ఇలాంటిదే అయిన నేపాల్ ఆట బాఘ్‌చాల్‌లో 25 స్థానాలు, 4 పులులు, 20 మేకలు. పులులు నాలుగు మూలల నుంచి విడివిడిగా మొదలవుతాయి. ఇరువురూ తప్పు చేయకుండా ఆడితే ఆ ఆట ఎవరూ గెలవకుండా ముగుస్తుందని కంప్యూటర్ లెక్కలతో తేల్చారు.

పులి–మేకలోనే కొన్నిచోట్ల పులులను కూడా వంతుకొకటిగా దించుతారు. అప్పుడు కొన ఖాళీగా ఉంటే మేకలవాడే ముందు దాన్ని పట్టుకోవచ్చు; అక్కడ కూర్చున్న మేకను ఏ పులీ తినలేదు.