మిల్‌టౌన్: ఊరి పేరు పెట్టుకున్న మాత్ర

పబ్లిక్ పరీక్షలు దగ్గరపడే కొద్దీ మా క్లాసులో తరచూ వినిపించే మాట ఒకటుంది: "భయం పోవడానికి ఒక మాత్ర ఉంటే ఎంత బాగుండు!" అలాంటి మాత్ర ఒకటి 1955లో అమెరికాలో నిజంగానే అమ్మకానికి వచ్చింది. పేరు మిల్‌టౌన్. మందు అసలు పేరు మెప్రొబమేట్.

దాన్ని కనిపెట్టింది ఫ్రాంక్ బెర్గర్. ఇప్పటి చెక్ దేశంలోని పిల్జెన్‌లో 1913లో పుట్టారు. యూదుడు కావడంతో హిట్లర్ బారి నుంచి తప్పించుకుని ఇంగ్లండు చేరారు. అక్కడ ఆయన వెతికింది భయానికి మందు కానే కాదు! పెన్సిలిన్‌ను పాడుచేసే బాక్టీరియాను ఆపే మందు కోసం చూస్తున్నారు. మెఫెనెసిన్ అనే పదార్థం ఎలుకలకు ఇస్తే వాటి కండరాలు సడలిపోయాయి, కానీ అవి మెలకువగానే ఉన్నాయి. నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. వేరేవాళ్లయితే పెన్సిలిన్‌కు పనికిరాదని పక్కన పడేసేవాళ్లేమో. ఆయన 1946లో దాని గురించి వ్యాసం రాశారు.

మెఫెనెసిన్ ప్రభావం ఎక్కువసేపు ఉండదు. అందుకే అమెరికా వెళ్లాక, 1950లో బెర్నార్డ్ లుడ్విగ్‌తో కలిసి మెప్రొబమేట్ తయారుచేశారు. కంపెనీవాళ్లకు మొదట నమ్మకం కుదరలేదు. అప్పుడు బెర్గర్ కోతుల మీద సినిమా తీయించారు. మందు లేని కోతి మీదపడి కరవబోతుంది, పాత నిద్రమందు ఇచ్చింది సోలిపోయి పడుంటుంది, మెప్రొబమేట్ తీసుకున్నది మాత్రం మెలకువగా, శాంతంగా కూర్చుంటుంది. ఇది చూశాక ఎవరు కాదంటారు? న్యూజెర్సీలోని మిల్‌టౌన్ అనే చిన్న ఊరి పేరే మాత్రకు పెట్టారు.

ఇక చూడాలి జోరు! మందుల షాపుల్లో సరుకు నిలవలేదు. హాలీవుడ్ వాళ్లూ మింగారు, ఆఫీసు ఉద్యోగులూ మింగారు. 1957 నాటికి డాక్టర్లు రాసిన చీటీలు 3.6 కోట్లు దాటాయి. డాక్టర్లను తప్పుపట్టడం తేలికే కానీ, అంతకుముందు వాడిన బార్బిట్యురేట్లు మోతాదు మించితే ప్రాణం తీసేవి. వాటితో పోలిస్తే ఇది మేలనుకున్నారు.

అయితే రోజూ వేసుకునేవాళ్లకు అది అలవాటైపోయింది. ఒక్కసారిగా మానేస్తే వణుకు, కొందరికి ఫిట్స్ కూడా వచ్చేవి. 1960లో లిబ్రియం, 1963లో వేలియం వచ్చాక మిల్‌టౌన్‌ను అడిగేవాళ్లు తగ్గారు. 1970 చట్టంతో అమెరికా దాన్ని అదుపులో ఉంచాల్సిన మందుల జాబితాలో చేర్చింది. యూరప్ మందుల సంస్థ 2012లో దీని అమ్మకాలు ఆపెయ్యమంది. అప్పటికి బెర్గర్ చనిపోయి నాలుగేళ్లయింది.