శ్రీమతి కాన్‌స్టెన్స్ బేకర్ మాట్లీ

అమెరికాలో నల్లజాతివారి హక్కుల పోరాటమనగానే ఊరేగింపులు, మహోపన్యాసాలు, చెరసాలలు మన స్మృతికి వస్తాయి. ఆ పోరాటానికి న్యాయస్థానమనే మరొక రంగం కూడా ఉన్నది. అక్కడ జయధ్వానాలు లేవు. అర్జీలు, వాయిదాలు, సాక్షుల విచారణలు, రాత్రి పొద్దుపోయేవరకు తిరగవేసే దస్త్రాలు మాత్రమే ఉన్నవి. ఆ రంగంలో సుమారు ఇరవై ఏండ్లు శ్రమించి, ఆపైన నగర పాలనలోనూ న్యాయపీఠం మీదను మొదటి అడుగు మోపిన శ్రీమతి కాన్‌స్టెన్స్ బేకర్ మాట్లీ చరిత్రను శ్రోతలకు మనవి చేయదలచినాము.

ఆమె 1921 సెప్టెంబరు 14వ తేదీన కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ పట్టణంలో జన్మించారు. తలిదండ్రులు కరేబియన్ సముద్రంలోని నీవిస్ ద్వీపం నుండి వలస వచ్చినవారు. పన్నెండుమంది సంతానంలో ఈమె తొమ్మిదవది. తండ్రి యేల్ విశ్వవిద్యాలయపు విద్యార్థి సంఘాలకు వంట చేసి సంసారం ఈడ్చేవారు. ఆ విశ్వవిద్యాలయపు నీడలోనే పెరిగినా, 1939లో ఉన్నత పాఠశాల చదువు ముగిసేసరికి కళాశాలలో చేరుటకు ఆమెకు దారి లేకపోయినది. కొంతకాలం ఇండ్లలో పని కూడా చేశారు. ఒకనాడు స్థానిక సమాజ మందిరంలో జరిగిన సభలో ఆమె నిర్భయంగా మాట్లాడగా విన్న క్లారెన్స్ బ్లేక్‌స్లీ అను శ్వేతజాతి వర్తకుడు, ఆమె చదువు ఖర్చంతయు తానే భరించినారు. దాతృత్వమంటే భవనాల మీద పేరు చెక్కించుకొనుటయే అనుకొనువారు ఈ ఉదంతాన్ని గమనింపదగును. ఆమె న్యూయార్కు విశ్వవిద్యాలయంలో పట్టభద్రురాలై, 1946లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్ర పట్టం పొందారు.

పట్టం చేతికి రాకముందే, 1945లో, థర్గుడ్ మార్షల్ ఆమెను తమ కార్యాలయంలో చేర్చుకొన్నారు. నల్లజాతివారి పక్షాన వ్యాజ్యాలు నడుపు న్యాయ సహాయ నిధి అది. పాఠశాలల్లో జాతి విభజన రాజ్యాంగ విరుద్ధమని 1954లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రసిద్ధమైన బ్రౌన్ తీర్పునకు మూలమైన ఫిర్యాదు పత్రం ముసాయిదా ఈమె చేతి వ్రాతయే. అయితే తీర్పు వచ్చినంతనే బడి తలుపులు తెరచుకొనలేదు. ఒక్కొక్క తలుపును విడివిడిగా తట్టవలసి వచ్చినది. ఆ తట్టే పనిలో అధికభాగం శ్రీమతి మాట్లీ మీద పడినది.

జేమ్స్ మెరిడిత్ వ్యాజ్యాన్ని చూడండి. వైమానిక దళంలో తొమ్మిదేండ్లు పనిచేసిన ఈ నల్లజాతి యువకుడు 1961 జనవరిలో మిసిసిపీ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పంపినాడు. దరఖాస్తుతో అయిదుగురు పూర్వ విద్యార్థుల సిఫారసు జతపరచవలెనని అక్కడి నిబంధన. పూర్వ విద్యార్థులందరూ తెల్లవారే. నిబంధనలో జాతి అన్న మాటయే కనబడదు, కాని నల్లవాడెవ్వడును ఆ గుమ్మం దాటలేడు. ఇటువంటి నిబంధన వ్రాసినవారి తెలివిని మెచ్చుకొనవలెనో, సిగ్గుపడవలెనో తెలియదు. జాతి కారణంగా ప్రవేశం నిరాకరింపబడలేదని జిల్లా న్యాయమూర్తి తీర్పు చెప్పినారు. 1962 జూన్‌లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. అంతటితోనైనా ముగిసినదా? అదే అప్పీలు కోర్టుకు చెందిన మరొక న్యాయమూర్తి, ఆ విచారణలో కూర్చొననివారు, వరుసగా నాలుగు పర్యాయాలు అమలును నిలుపు చేసినారు. చివరకు సెప్టెంబరు 10న సుప్రీంకోర్టు న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ ఆ నిలుపుదలలను రద్దు చేయవలసి వచ్చినది.

ఈ వ్యాజ్యం కొరకు శ్రీమతి మాట్లీ న్యూయార్కు నుండి మిసిసిపీకి 22 సార్లు ప్రయాణం చేశారు. నల్లజాతి స్త్రీ పేరుకు ముందు ‘శ్రీమతి’ అనుటకు అక్కడి తెల్లవారికి నోరు రాని రోజులవి. మన పెద్దలను ‘గారు’ అనకుండా ఒట్టి పేరుతో పిలిచినట్లు ఊహించుకొంటే ఆ అవమానం మనకు బోధపడును. అక్కడ ఆమెకు అండగా నిలిచిన ఉద్యమ నాయకుడు మెడ్గర్ ఎవర్స్ 1963 జూన్‌లో స్వగృహం ముంగిటనే హత్యకు గురియైనారు. మెరిడిత్ విశ్వవిద్యాలయంలో అడుగు పెట్టిన నాటి ముందు రాత్రి జరిగిన అల్లరులలో ఇద్దరు మరణించారు. 1962 అక్టోబరు 1న అతడు విద్యార్థిగా నమోదైనాడు. మరుసటి ఏడు ఆగస్టులో పట్టం పుచ్చుకొన్నాడు.

అమెరికా సుప్రీంకోర్టులో వాదించిన మొదటి నల్లజాతి స్త్రీ ఈమెయే. మరణశిక్షకు పాత్రమైన నేరంలో, నిందితునికి అభియోగం చదివి వినిపించే దశలోనే న్యాయవాది ఉండి తీరవలెనని 1961లో ఆ న్యాయస్థానం చేత ఏకగ్రీవంగా అనిపించారు. అక్కడ వాదించిన 10 వ్యాజ్యాలలో 9 గెలిచారు.

1964లో ఆమె న్యూయార్కు రాష్ట్ర సెనేటుకు ఎన్నికైనారు. ఆ సభలో మొదటి నల్లజాతి స్త్రీ. 1965లో మన్‌హాటన్ బరో అధ్యక్షులైనారు. న్యూయార్కు నగరం అయిదు బరోలుగా విభజింపబడి ఉన్నది. నగర వ్యయాన్ని నిర్ణయించే మండలిలో ఆ రోజులలో బరో అధ్యక్షులకు వోటు ఉండేది. మన్‌హాటన్‌లో ఆ పీఠమెక్కిన మొదటి స్త్రీ ఈమెయే. హార్లెమ్, తూర్పు హార్లెమ్ పేటల పునరుద్ధరణకు ఏడు అంశాల పథకం రూపొందించి, దాని ప్రణాళిక కొరకు 7 లక్షల డాలర్లు సాధించారు. అంతవరకు ఇతరుల ఎదుట హక్కు కోరుతూ నిలిచినవారు, నిధులు పంచే బల్లకు ఈవల కూర్చొన్నారన్నమాట. ఆ ఏడు నవంబరు ఎన్నికలలో డెమోక్రాట్లు, రిపబ్లికన్లు, లిబరల్ పక్షంవారు ముగ్గురూ ఆమెనే బలపరచినారు. మిసిసిపీలో నిందలు విన్న మనిషికి ఇది సామాన్యమైన గౌరవం కాదు.

కాని మిసిసిపీ ఆమెను మరువలేదు. 1966 జనవరిలో అధ్యక్షుడు జాన్సన్ ఆమెను ఫెడరల్ న్యాయమూర్తి పదవికి సూచించగా, సెనేటు న్యాయసంఘాధ్యక్షుడైన మిసిసిపీ సెనేటరు జేమ్స్ ఈస్ట్‌లాండ్ ఏడు నెలలు అడ్డుకొన్నారు. ఆగస్టు 30న నియామకం ఆమోదం పొందినది. ఫెడరల్ న్యాయపీఠమెక్కిన తొలి నల్లజాతి స్త్రీ ఆమె. 1975లో, స్త్రీల పట్ల వివక్ష చూపినదన్న అభియోగంపై ఒక న్యాయవాదుల సంస్థ మీద వ్యాజ్యం వచ్చినది. స్త్రీయు, నల్లజాతివారును అయిన ఈమె విచారణ నుండి తప్పుకొనవలెనని ప్రతివాదులు కోరినారు. జాతి, లింగములే అనర్హతకు కారణమైతే ఈ వ్యాజ్యం వినదగిన న్యాయమూర్తి ఈ కోర్టులో ఒక్కరూ ఉండరని ఆమె సమాధానమిచ్చారు. తెల్లవారికిని ఒక జాతి ఉన్నదని, పురుషులకును ఒక లింగమున్నదని ఆ సంస్థకు అంతకుముందు తోచినట్లు లేదు.

సుప్రీంకోర్టులో ఆమె ఓడిన పదవ వ్యాజ్యం అలబామాకు చెందిన స్వేన్ అను నల్లజాతి యువకునిది. జూరీ ఎంపికలో కారణం చెప్పకుండ సభ్యులను తొలగించే హక్కును ప్రభుత్వ న్యాయవాదులు నల్లజాతివారి మీద వినియోగించేవారు. ఆ ప్రాంతంలో ఏండ్ల తరబడి నల్లవారొక్కరూ విచారణ జూరీలో కూర్చొనలేదు. అయినను 1965లో న్యాయస్థానం ఆమె వాదాన్ని త్రోసిపుచ్చినది. 21 సంవత్సరాల తరువాత, 1986లో, అదే సుప్రీంకోర్టు మరొక వ్యాజ్యంలో ఆ పాత తీర్పు విధించిన రుజువు భారాన్ని తొలగించి, ఆమె నాడు చూపిన దారికే వచ్చినది. అప్పటికి ఆమె న్యూయార్కు దక్షిణ జిల్లా కోర్టులో ప్రధాన న్యాయమూర్తిగా నాలుగేండ్లు పనిచేసి ఉన్నారు. 2005 సెప్టెంబరు 28న మరణించేవరకు న్యాయమూర్తిగానే ఉన్నారు.